ఆఫ్రికా గ్రీన్ సీజన్: ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడం ఎలా

కెన్యాలోని మాసాయి మారా రిజర్వులో ఆగస్టు రేట్లు చూసి గుండె గుభేల్‌మని, ఆఫ్రికా ఆశ అక్కడితో వదులుకున్నవాళ్లలో మీరూ ఉన్నారా? అయితే క్యాలెండర్‌లో ఇంకోవైపు చూడండి. 2024 నుంచి ఆ రిజర్వులోకి వెళ్లడానికే విదేశీ పెద్దవాళ్ల దగ్గర జులై నుంచి డిసెంబరు దాకా రోజుకు 200 డాలర్లు తీసుకుంటున్నారు. జనవరి నుంచి జూన్ దాకా అయితే 100 చాలు. లాడ్జీలు కూడా వానల నెలల్లో బాగా దిగొస్తాయి, కొన్ని సగం దాకా తగ్గిస్తాయి. ట్రావెల్ వాళ్లు గ్రీన్ సీజన్ అని అమ్మేది ఈ నెలలనే.

చౌకగా వస్తోంది కదా అని కళ్లు మూసుకుని బుక్ చేస్తే మాత్రం చిక్కే. ఒకే దేశంలో, ఒకే వారంలో, ఒక పార్కులో కనుచూపు మేర జంతువులుంటే ఇంకో పార్కులో నిలువెత్తు గడ్డి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. వాన రెండుచోట్లా పడుతుంది. తేడా ఎక్కడొస్తుందో తెలిస్తే ఎక్కడికి వెళ్లాలన్నది దానంతటదే తేలిపోతుంది.

ముందు మీ సెలవులు రాసుకోండి

దేశం పేరుతో మొదలుపెట్టకండి, నెలతో మొదలుపెట్టండి. బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో ఉన్నవి మూడే మూడు: దసరా, సంక్రాంతి, వేసవి.

దసరా నాటికి సఫారీలు జరిగే చాలా చోట్ల వానలు లేని పొడికాలమే నడుస్తుంటుంది, రేట్లూ పైనే ఉంటాయి. కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. సంక్రాంతి సెలవులు బోట్స్వానా, జాంబియా వైపు వానాకాలం నడిమధ్యలో పడతాయి. అదే సమయానికి టాంజానియాలో చిన్న వానలు వెలిసి పచ్చిక లేచి ఉంటుంది. రెండూ పనికొచ్చేవే. ఎటొచ్చీ వేసవి సెలవులతోనే ఇబ్బంది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా మనకు తీరిక, తూర్పు ఆఫ్రికాకు అప్పుడే పెద్ద వానలు. "మే నెలలో కెన్యా ఫ్యామిలీ ప్యాకేజీ, భారీ డిస్కౌంట్" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ డిస్కౌంట్ ఎందుకిస్తున్నారో ఇక మీకు తెలుసు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయి. కానీ డిసెంబరు 20 ప్రాంతం నుంచి జనవరి మొదటి వారం దాకా లాడ్జీలు పండగ రేటు వేస్తాయి. అప్పుడు వాన వానే, రేటు రేటే.

తర్వాత వాన ఎటు పోతుందో చూసుకోండి

ఆఫ్రికాలో వాన పట్టీ సూర్యుడి వెంట నడుస్తుంది. సూర్యుడు దక్షిణానికి దిగే నవంబరు నుంచి మార్చి దాకా బోట్స్వానా, జాంబియా, జింబాబ్వే, నమీబియా, దక్షిణాఫ్రికా దేశంలోని క్రూగర్ పార్కు వైపు వానలు. ఆ పట్టీ భూమధ్యరేఖ మీదుగా వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తడుపుతుంది కాబట్టి కెన్యా, టాంజానియాలకు ఏడాదికి రెండు వానాకాలాలు. నవంబరు, డిసెంబరుల్లో వచ్చే చిన్న వానలను అక్కడ వూలి అంటారు. మార్చి నుంచి మే దాకా కురిసే పెద్ద వానలు మాసికా. వూలిలో వాన వచ్చి పోతుంటుంది. మాసికాలో ముసురు పట్టిందంటే దారులు చెడేదాకా వదలదు.

కేప్‌టౌన్ ఈ లెక్కకు బయట. అక్కడ వానలు మే నుంచి ఆగస్టు దాకా, అంటే అక్కడి చలికాలంలో పడతాయి. జనవరిలో క్రూగర్ తడుస్తుంటే కేప్‌టౌన్‌లో ఎండ కాస్తుంటుంది.

ఇంకో మాట. దక్షిణ ప్రాంతపు వాన రోజంతా పడేది కాదు. పొద్దున్న తేటగా ఉంటుంది. మధ్యాహ్నానికి మబ్బులు కోటలు కట్టి, సాయంత్రం ఉరుములు మెరుపులతో ఒక గంట దంచి వెలిసిపోతుంది. వెలిశాక వచ్చే వెలుతురుకు, దుమ్ము లేని గాలికి ఫోటోలు తీసేవాళ్లు ప్రాణం పెడతారు. వరసగా రెండు మూడు రోజులు మబ్బు పట్టే సందర్భాలూ ఉంటాయి. నాలుగు రోజుల ప్రయాణంలో అలాంటివి రెండు పోతే మిగిలేది తక్కువ. అందుకే వానల్లో వెళ్తే ఒకే చోట కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే

ఆ పార్కులో పొడికాలంలో కరువయ్యేది నీళ్లా, మేతా?

ఏడాది పొడవునా నీళ్లుండే నది, మడుగు ఉన్న పార్కులకు పొడికాలంలో చుట్టుపక్కల జంతువులన్నీ వచ్చి చేరతాయి. గైడు నీళ్ల పక్కన జీపు ఆపి కూర్చుంటే చాలు, అన్నీ కళ్ల ముందుకే వస్తాయి. వాన పడగానే ప్రతి గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఇక ఆ నది దగ్గరికి రావాల్సిన పని వాటికి లేదు, మంచి మేత వెతుక్కుంటూ ఎటు పడితే అటు పోతాయి. టాంజానియాలోని టరంగీరే ఇందుకు మంచి ఉదాహరణ. సెప్టెంబరులో ఏనుగుల గుంపులతో నిండిపోయే ఆ నది ఒడ్డు ఫిబ్రవరికి పలచబడుతుంది, జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింక జాతి జంతువులు) పార్కు బయటి సిమాంజిరో మైదానాల వైపు వెళ్లిపోతాయి. టాంజానియాలోనే ఉన్న రువాహా, జింబాబ్వేలోని మానా పూల్స్, నమీబియాలోని ఎటోషా కూడా ఈ కోవలోవే. ఎటోషాలో వానలు బాగా పడితే తెల్లటి ఉప్పు పర్రలో నీళ్లు నిలిచి ఫ్లెమింగోలు దిగుతాయి. అది చూడముచ్చటే, కానీ అది చూసి సింహాలు కూడా నీటి గుంటల దగ్గర వరసగా దొరుకుతాయనుకుంటే నిరాశే.

దీనికి తలకిందులుగా, బలమైన గడ్డి మొలుస్తుంది కానీ పొడికాలంలో చుక్క నీరుండని మైదానాలున్నాయి. వాన పడితేనే అక్కడికి జంతువులు రాగలవు. గ్రీన్ సీజన్‌లో మీరు వెళ్లాల్సింది వీటికి.

ఈ రెండింటికీ చెందనివి కొన్ని. టాంజానియాలోని న్గోరోంగోరో అనే పాత అగ్నిపర్వత బిలం చుట్టూ ఆరువందల మీటర్ల గోడ లాంటి కొండ, అడుగున నీళ్లూ మేతా రెండూ ఉన్నాయి. జంతువుల్లో చాలావరకు ఏడాదంతా అక్కడే ఉంటాయి కాబట్టి ఏ నెలలో దిగినా ఏదో ఒకటి కనబడుతుంది. పైన అంచు సముద్రమట్టానికి 2,300 మీటర్ల దాకా ఎత్తు, వానల్లో పొద్దున్నే మంచు పట్టి చలేస్తుంది. హైదరాబాద్ డిసెంబరు స్వెట్టర్ పట్టుకెళ్లండి.

జనవరి చివర నుంచి మార్చి మొదటి దాకా: న్డూటు

ఒకే ఒక్కసారి వెళ్లగలను, ఎటు పొమ్మంటారు అని అడిగితే నేను చెప్పే పేరు ఇదే. టాంజానియాలోని సెరెంగెటి పార్కు దక్షిణపు అంచు, న్గోరోంగోరో సంరక్షణ ప్రాంతం కలిసే చోట ఉంటుంది న్డూటు. ఇక్కడి నేల పాత అగ్నిపర్వతాల బూడిద. దగ్గర్లోనే ఉన్న ఓల్ డోయిన్యో లెంగాయ్ ఇప్పటికీ నిప్పు కక్కే కొండే. బూడిద కింద పొర గట్టిపడి చెట్ల వేళ్లను దిగనివ్వదు, అందుకే మైలు తర్వాత మైలు పొట్టి గడ్డే. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ లాంటి ఖనిజాలు ఎక్కువ, పాలిచ్చే తల్లులకు కావలసినవి అవే. పదమూడు లక్షల దాకా ఉండే వైల్డ్‌బీస్ట్ మంద ఈనడానికి ఏటా ఇక్కడికి రావడానికి కారణం ఇదే.

ఫిబ్రవరిలో రెండు మూడు వారాల్లోనే చాలా భాగం ఈనేస్తాయి, నాలుగైదు లక్షల దూడలు నేలన పడతాయని అంచనా. అన్నీ ఒక్కసారే ఈనడం వెనక లెక్క ఉంది. హైనాలు, సింహాలు, చీతాలు ఎంత తిన్నా ఒక హద్దు దాటి తినలేవు, మిగతావి బతికిపోతాయి. జీపులోంచి ఓపికగా చూస్తే ఒక ఈత మొత్తం కళ్ల ముందే జరుగుతుంది. తల్లి పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. తడి తడిగా మట్టిరంగు దూడ జారి పడుతుంది. ముందుకాళ్ల మోకాళ్లు ఆనించి వెనకభాగం ఎత్తబోతుంది, తూలి మూతి మీద పడుతుంది. తల్లి నాకుతూనే ఉంటుంది. ఐదు పది నిమిషాల్లో నిలబడుతుంది, ఇంకాసేపటికి తల్లి పక్కన పరుగెడుతుంది. ఆ ఐదు పది నిమిషాల్లో హైనా చూసిందంటే చిన్నపిల్లలతో చూడదగ్గ దృశ్యం కాదు. ఇంట్లో వాళ్ల మనస్తత్వం తెలుసుకునే బుక్ చేయండి.

న్డూటులో ఇంకో సౌకర్యం. సంరక్షణ ప్రాంతం వైపు జీపును దారి దిగి మైదానంలోకి తీసుకెళ్లనిస్తారు. సెరెంగెటి నేషనల్ పార్కు హద్దు దాటితే ఆ వెసులుబాటు లేదు. మీ బస ఏ వైపున ఉందో ముందే అడగండి.

మూడు జాగ్రత్తలు. సంక్రాంతి సెలవుల్లో వెళ్తే మందలు ఉంటాయి కానీ ఈతలు పూర్తిగా మొదలై ఉండకపోవచ్చు. వాన ఆలస్యమైతే మందలు నీళ్లున్న వైపు జరుగుతాయి, వాటికి ఏ ట్రావెల్ ఏజెంటూ తేదీలివ్వలేదు. ఇక ఫిబ్రవరి న్డూటు ఇప్పుడు చౌక బేరం కాదు, బాగా పేరు పడిపోయింది. ఆరేడు నెలల ముందే గదులు పట్టుకోవాలి. తక్కువలో చూడాలంటే మార్చి రెండో సగం మేలు, దూడలు కాస్త పెద్దవై తల్లుల వెంట గంతులేస్తుంటాయి, జీపులు పలచబడతాయి. కాకపోతే మాసికా ఏ రోజైనా తలుపు తట్టొచ్చు.

డిసెంబరు నుంచి ఏప్రిల్: కలహారి

కలహారి అనగానే ఇసుక ఎడారి గుర్తొస్తుంది. వానలు పడ్డాక వెళ్తే బోట్స్వానాలోని సెంట్రల్ కలహారి రిజర్వులో పాత ఎండిన నదుల లోయలు పచ్చని తివాచీలుగా కనిపిస్తాయి. డిసెప్షన్ వ్యాలీ అందులో పేరున్నది. స్ప్రింగ్‌బాక్ జింకలు, పొడుగు కొమ్ముల గెమ్స్‌బాక్ జింకలు ఆ పచ్చిక మీదికి చేరతాయి, వాటి వెనకే నల్ల జూలు సింహాలు, చీతాలు. గడ్డి పొట్టిగా ఉండడంతో చీతా వేట దూరం నుంచే కనిపిస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటడం మామూలే, మనకది కొత్తేం కాదు.

దానికి ఉత్తరాన ఉన్న న్క్సై పాన్ పార్కుకు ఇదే కాలంలో జీబ్రాలు వస్తాయి. చోబే నది నుంచి బయల్దేరి 250 కిలోమీటర్లు నడిచి, మళ్లీ అంత దూరం వెనక్కి వెళ్తాయి. మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చూశాకే ఈ సంగతి బయటపడింది, ఆ ఫలితాలు 2014లో వచ్చాయి.

పనిలో పనిగా ఒకవాంగో డెల్టా కూడా చూసేద్దామనిపిస్తుంది. ఇక్కడ ఒక మెలిక. డెల్టాను నింపే వాన అంగోలా ఎత్తు ప్రాంతాల్లో పడుతుంది. ఆ నీళ్లు నెమ్మదిగా దిగి జూన్, జులై, ఆగస్టు నెలల్లో నిండుగా పరచుకుంటాయి, అంటే వాన లేని అక్కడి చలికాలంలో. వానల్లో వెళ్తే కొన్ని క్యాంపుల ముందు పడవ నడిపే నీళ్లే ఉండవు. బ్రోషర్‌లో మొకోరో పడవ బొమ్మ చూసి ఫిబ్రవరికి డబ్బు కట్టేముందు "ఆ నెలలో మీ క్యాంపులో పడవ నడుస్తుందా" అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

నవంబరు: జాంబియా

నవంబరులో సెలవు పెట్టుకోగలిగితే కసంకా నేషనల్ పార్కు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు మధ్య దాకా చిన్న చిత్తడి అడవిలోకి పళ్లు తినే గబ్బిలాలు వచ్చి వాలతాయి, కోటి దాకా ఉంటాయని అంచనా. సాయంత్రం అవన్నీ ఒక్కసారి లేస్తే ఆకాశం కనబడదు. పార్కు మారుమూల, వసతులు సాదా. ఆఫ్రికాకు రెండోసారి వెళ్లేవాళ్లకు చెప్తాను, మొదటిసారికి కాదు.

సౌత్ లువాంగ్వా పార్కులో వానల్లో లోపలి క్యాంపులు చాలావరకు మూసేస్తారు. పార్కు దగ్గరున్న మ్ఫువే ఊరి చుట్టుపక్కల ఏడాదంతా తెరిచి ఉండేవి కొన్నున్నాయి. నది నిండాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీళ్లు నిలిచిన అడవిలోకి పడవ మీద తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

వేసవి సెలవులకు: దక్షిణం వైపు తిరగండి

పిల్లలతో మే నెలలోనే వెళ్లాలంటే కెన్యా, టాంజానియా, జాంజిబార్ దీవి మర్చిపోండి. జాంజిబార్‌లో ఏప్రిల్, మే నెలల్లో కొన్ని హోటళ్లు ఏకంగా మూసే ఉంటాయి. అదే మేలో క్రూగర్, బోట్స్వానాలోని చోబే పార్కు, జాంబియా-జింబాబ్వే సరిహద్దులోని విక్టోరియా జలపాతం ఈ మూడింటినీ కలిపితే మంచి ప్రయాణం. వానలు వెలిసి ఉంటాయి, పచ్చదనం పూర్తిగా పోదు, గుంటలు ఎండుతూ జంతువులు నదుల వైపు మళ్లుతుంటాయి. జులై రేట్లు ఇంకా మొదలుకావు. తెల్లవారుజామున తెరిచిన జీపులో చలి మాత్రం గట్టిగానే ఉంటుంది.

విక్టోరియా జలపాతానికి మార్చి నుంచి మే దాకా నిండు ప్రవాహం. 1,700 మీటర్ల వెడల్పున జాంబెజీ నది మొత్తం దూకుతుంటే లేచే తుంపర ఎంతంటే, ఎదురుగా నిలబడ్డవాళ్లకు జలపాతమే సరిగా కనబడదు. తడిసి ముద్దవుతారు. జలపాతం ఆకారం చూడాలంటే జులై, ఆగస్టు నయం. చప్పుడు వినాలంటే, ఒంటి మీద నీళ్లు పడాలంటే మే. అక్టోబరు, నవంబరుల్లో జాంబియా వైపు చాలాభాగం వట్టి రాతిగోడే.

మొజాంబిక్ తీరం, మడగాస్కర్‌లకు జనవరి నుంచి మార్చి దాకా వెళ్లొద్దు, తుపాన్ల కాలం.

పక్షుల పిచ్చి ఉంటే

ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి నవంబరు, మార్చి మధ్య ఎక్కడికైనా వెళ్లండి. యూరప్, ఆసియాల నుంచి వలస వచ్చినవి, గూళ్లు కట్టే రంగుల్లో ఉన్న స్థానిక పక్షులు అన్నీ అప్పుడే. వాటిలో అముర్ డేగ మన ఆకాశం దాటి వెళ్లేదే. శరదృతువులో నాగాలాండ్‌లో ఆగి, మన దేశం మీదుగా, అరేబియా సముద్రం ఆగకుండా దాటి దక్షిణ ఆఫ్రికా గడ్డి మైదానాలు చేరుతుంది.

నేల ఎలాంటిదో అడగండి

గ్రీన్ సీజన్ సఫారీ పాడయ్యేది వానతో కన్నా బురదతో. మారాలో, సెరెంగెటి పశ్చిమ భాగంలో చాలా మేర ఉన్నది అచ్చంగా నల్లరేగడి. కర్నూలు, ఆదిలాబాద్ రైతుకు దాని సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తడిస్తే చక్రానికి చుట్టుకుంటుంది, ఎంత తొక్కితే అంత దిగుతుంది. ఇసుక నేలలు నీళ్లు పీల్చుకుని గంటలో దారిస్తాయి. కలహారిలో దారి చాలావరకు ఇసుకే అయినా, లోయల అడుగున బంకమట్టి ఉంటుంది. సొంతంగా కారు తోలుకుంటూ వానల్లో ఒక్క బండితో అక్కడికి వెళ్లకండి, రెండు బళ్లుండాలి.

ఆపరేటర్‌ను ఇవి అడగండి: ఆ నెలలో క్యాంపు తెరిచే ఉంటుందా, గేటు నుంచి క్యాంపు దాకా వానకు చెడని రోడ్డుందా, జీపుకు పైకప్పు, పక్క తెరలు ఉన్నాయా, రన్‌వే తడిసి చిన్న విమానం దిగలేకపోతే ఏం చేస్తారు, ఆ ఖర్చు ఎవరిది, పార్కు ఫీజు రేటులో కలిసే ఉందా. "నో ప్రాబ్లం సార్" అనే జవాబు జవాబు కాదు. ఏ రోడ్డు, ఏ ఎయిర్‌స్ట్రిప్ అని పేర్లతో చెప్పేవాడి దగ్గర బుక్ చేయండి.

దోమలు, టీకా, సంచీ

వానల్లో మలేరియా ముప్పు పెరుగుతుంది. నివారణ మాత్రలు ప్రయాణానికి ముందు మొదలుపెట్టి, వచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి, ఏ మందో మీ డాక్టరు చెప్పాలి. చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే ఆ టెన్షన్ ఎందుకు, దక్షిణాఫ్రికాలో మలేరియా లేని మదిక్వే, పిలానెస్‌బర్గ్, ఆడో ఉన్నాయి. మదిక్వే, పిలానెస్‌బర్గ్‌లకు మన చలికాలంలోనే వానలు, పచ్చదనం అక్కడా దొరుకుతుంది.

కెన్యా, ఉగాండా, ఇథియోపియా లాంటి దేశాలకు వెళ్లొస్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా మన విమానాశ్రయంలో దిగకండి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కెన్యా నుంచి టాంజానియాకు దాటేటప్పుడూ అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. అనుమతి ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో దొరుకుతుంది.

చిన్న విమానాల్లో తూర్పు ఆఫ్రికాలో సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి సంచీలోనే. చక్రాల సూట్‌కేసు ఎక్కనివ్వరు. ఆవకాయ సీసా ఆ 15 కిలోల్లోనే. శాకాహారులైతే ఆ మాట బుకింగ్ రోజునే రాసి పంపండి, ఊరికి దూరంగా ఉన్న క్యాంపు అప్పటికప్పుడు పప్పు తెప్పించలేదు. నీలం, నలుపు బట్టలు వద్దు, ట్సెట్సీ అనే కుట్టే ఈగలు ఆ రంగుల మీద వాలతాయి. కెమెరా తడవకుండా ఇంట్లోని పాలిథిన్ కవర్లు కుక్కుకుని వెళ్లకండి, 2017 నుంచి కెన్యాలో, 2019 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. నీళ్లు దిగని గుడ్డ సంచీ ఒకటి కొనుక్కోండి.